డబ్బూ తోడూ: ట్రాన్స్‌జెండర్ల మనసు కుదుటపడాలంటే రెండూ కలిసి రావాలి

ఆసుపత్రి వెయిటింగ్ హాల్లో ఒక ట్రాన్స్ మహిళ కూర్చుని ఉంది. నెల రోజులుగా సరిగ్గా నిద్ర లేదు, డాక్టర్‌కి చూపించుకుందామని వచ్చింది. కౌంటర్ దగ్గర నుంచి పేరు పిలిచారు. అది గుర్తింపు కార్డులో ఉన్న పేరు, పుట్టినప్పుడు పెట్టిన మగపిల్లాడి పేరు. ఆమె లేవలేదు. రెండోసారి ఇంకాస్త గట్టిగా పిలిచారు. ఇప్పుడు లేస్తే హాల్లో ఉన్నవాళ్లంతా ముందు ఆమె బట్టల వైపు, తర్వాత మొహం వైపు చూస్తారు. లేవకపోతే వంతు పోతుంది. ఇలాంటప్పుడు కొందరు లేస్తారు గానీ, డాక్టర్ గదిలోకి కాదు, నేరుగా గేటు బయటికి వెళ్లిపోతారు. నిద్ర సమస్య అలాగే ఉండిపోతుంది. దానికి ఆ రోజు పడిన అవమానం తోడవుతుంది.

ఈ మనిషికి ఏం చేస్తే మేలు జరుగుతుంది అని అడిగితే, ఎక్కువమంది చెప్పే జవాబు మంచి కౌన్సెలింగ్. అది తప్పేమీ కాదు. కానీ కౌన్సెలర్ గది దాకా చేరాలంటే ఆమెకు ముందు రెండు కావాలి. ఒకటి, కార్డులో పేరు మార్చుకోవడానికి అయ్యే డబ్బు. రెండోది, ఆ ఆఫీసుకీ ఈ ఆసుపత్రికీ పక్కన నడిచే ఒక మనిషి. ఈ దారిలో తను కూడా ఒకసారి నడిచిన మనిషైతే మరీ మంచిది. ఆర్థిక సాయం ఒక శాఖలోనూ, మానసిక ఆరోగ్యం ఇంకో శాఖలోనూ ఉండటం వల్ల ఈ రెండూ వేర్వేరు విషయాల్లా కనిపిస్తాయి. ట్రాన్స్ వ్యక్తుల జీవితంలో మాత్రం అవి ఒకే చోట ముడిపడి ఉంటాయి.

ముందుగా ఒక అపోహ తీర్చుకోవాలి. ట్రాన్స్‌జెండర్ అయి ఉండటం మానసిక జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మేలో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణ, ఐసీడీ-11, దీన్ని మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి పూర్తిగా తీసేసింది. వైద్యసేవలు ఆగిపోకుండా లైంగిక ఆరోగ్యానికి సంబంధించిన అధ్యాయంలో చేర్చింది. 2022 జనవరి నుంచి అది అమల్లోకి వచ్చింది. మరి కుంగుబాటు, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనలు వీళ్లలో అంత ఎక్కువగా ఎందుకు కనిపిస్తాయి?

దీనికి పరిశోధకులు ఎక్కువగా వాడే వివరణ మైనారిటీ స్ట్రెస్. ఇలాన్ మేయర్ 2003లో స్వలింగ, ద్విలింగ ఆకర్షణ ఉన్నవాళ్ల గురించి రాసిన సిద్ధాంతం ఇది. తర్వాత 2012లో హెండ్రిక్స్, టెస్టా దీన్ని ట్రాన్స్ వ్యక్తులకు అన్వయించారు. విషయం సులువుగానే అర్థమవుతుంది. ఎగతాళి, దెబ్బలు, ఉద్యోగం పోవడం లాంటివి బయటి నుంచి వచ్చే దెబ్బలు. అవి కొన్నాళ్లు తగిలాక, తగలని రోజున కూడా మనిషి వాటి కోసమే ఎదురుచూస్తూ ఉంటాడు. బస్సెక్కే ముందు టెన్షన్, పబ్లిక్ టాయిలెట్‌కి వెళ్లే ముందు టెన్షన్, కార్డు చూపించమన్న ప్రతిసారీ టెన్షన్. ఆ తర్వాత దాచుకోవడం మొదలవుతుంది. ఎవరికి ఏం చెప్పామో గుర్తుపెట్టుకుంటూ బతకడం ఒక ఉద్యోగంలా తయారవుతుంది. చివరికి లోకం అన్న మాటలే నిజమేమో అని తనకే అనిపిస్తుంది. అన్నిటికంటే లోతుగా పాతుకునేది ఆఖరిదే.

ఇందులో డబ్బు ఎక్కడుంది? దాదాపు ప్రతి మెట్టు దగ్గరా ఉంది. ట్రాన్స్ వ్యక్తుల జీవితాల మీద జరిగిన పెద్ద సర్వేల్లో ఒకటి అమెరికాలో 2015లో జరిగింది. 27,715 మంది జవాబిచ్చారు. వాళ్లలో 29 శాతం పేదరికంలో ఉన్నారు, ఆ దేశ జనాభాలో అప్పటి పేదరికం 12 శాతం. నిరుద్యోగం 15 శాతం, దేశ సగటుకు 3 రెట్లు. గడిచిన నెలలో తీవ్రమైన మానసిక వేదన అనుభవించామన్నవాళ్లు 39 శాతం. జీవితంలో ఎప్పుడో ఒకసారి ఆత్మహత్యాయత్నం చేశామన్నవాళ్లు 40 శాతం. అవసరమైనప్పుడు కూడా ఖర్చు భరించలేక డాక్టర్ దగ్గరికి వెళ్లలేదని 33 శాతం మంది, సరిగ్గా చూడరన్న భయంతో వెళ్లలేదని 23 శాతం మంది చెప్పారు. డబ్బు లేకపోవడం ఒక అడ్డంకి, మనుషులంటే భయం ఇంకో అడ్డంకి అన్నమాట. ఒకదాన్ని తొలగించి రెండోదాన్ని వదిలేస్తే ఆసుపత్రి గుమ్మం దాటడం కుదరదు.

డబ్బు లేమి మనసు మీద ఎలా పనిచేస్తుందో చెప్పడానికి వేరే రంగంలో జరిగిన ఒక పరిశోధన బాగా ఉపయోగపడుతుంది. తమిళనాడులో చెరకు రైతులకు పంట కోతకు ముందు, కోత తర్వాత ఒకే రకమైన పరీక్షలు పెట్టారు. 2013లో సైన్స్ పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. చేతిలో డబ్బు ఆడని రోజుల్లో అదే రైతు ఆ పరీక్షల్లో తక్కువ మార్కులు తెచ్చుకున్నాడు, పంట డబ్బు చేతికొచ్చాక మెరుగయ్యాడు. అతని తెలివి తగ్గిందనీ, మళ్లీ పెరిగిందనీ కాదు. లేమి గురించిన ఆలోచనే మెదడులో చాలా చోటు ఆక్రమించేస్తుంది. ఇక ట్రాన్స్ వ్యక్తి విషయానికొస్తే, వచ్చే నెల అద్దె గురించిన ఆలోచనా, ఇంటి ఓనర్ కార్డు అడిగితే ఏం చెప్పాలన్న ఆలోచనా ఒకే తలలో కూర్చుంటాయి. అలాంటి తలతో థెరపీలో కూర్చుని చిన్ననాటి గాయాల గురించి మాట్లాడమంటే ఎంతసేపు మాట్లాడగలరు?

చిన్న మొత్తం ఎంత పెద్ద మార్పు తేగలదో చూడాలంటే గుర్తింపు కార్డుల సంగతే చూడాలి. 2015 సర్వేలో తమ కార్డులన్నిటిలోనూ తమకు నచ్చిన పేరు, తమ లింగం ఉన్నాయన్నవాళ్లు 11 శాతమే. ఒక్క కార్డులోనూ లేవన్నవాళ్లు 68 శాతం. చట్టపరంగా పేరు మార్చుకోనివాళ్లలో 35 శాతం మంది చెప్పిన కారణం ఖర్చు భరించలేకపోవడం. మనిషికీ కార్డుకీ పొంతన లేక, కార్డు చూపించిన చోట తిట్లు తిన్నవాళ్లు, సేవ దక్కనివాళ్లు, బయటికి పొమ్మనిపించుకున్నవాళ్లు, దెబ్బలు తిన్నవాళ్లు కలిపి 32 శాతం. అదే సర్వేలోని 22 వేలకు పైగా జవాబులను తీసుకుని 2020లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. కార్డులన్నీ సరిగ్గా ఉన్నవాళ్లలో తీవ్ర మానసిక వేదన, ఏ కార్డూ సరిగ్గా లేనివాళ్లతో పోలిస్తే 32 శాతం తక్కువగా కనిపించింది. ఆదాయం లాంటి తేడాలను లెక్కలోకి తీసుకున్నాక వచ్చిన అంకె అది. ఒకే సమయంలో తీసిన లెక్క కాబట్టి, కార్డు వల్లే మనసు కుదుటపడిందని దీని ఆధారంగానే తేల్చలేం. మనసు కాస్త బాగున్నవాళ్లే ఆఫీసుల చుట్టూ తిరిగి కార్డులు మార్చుకోగలిగి ఉండొచ్చు. అయితే కెనడాలోని ఒంటారియోలో జరిగిన ట్రాన్స్ పల్స్ అధ్యయనం కూడా ఇదే వైపు చూపించింది. సొంతవాళ్ల అండ, వివక్ష తగ్గడం, కార్డుల్లో మార్పు, ఈ మూడూ ఆత్మహత్య ఆలోచనలు తక్కువగా ఉండటంతో ముడిపడి కనిపించాయి.

సొంతవాళ్ల అండ గురించి అదే అధ్యయనం చెప్పిన ఒక అంకె చదివాక మర్చిపోవడం కష్టం. 16 నుంచి 24 ఏళ్ల వయసు ట్రాన్స్ యువతలో, తల్లిదండ్రుల గట్టి అండ ఉన్నవాళ్లలో అంతకుముందు ఏడాదిలో ఆత్మహత్యాయత్నం చేసినవాళ్లు 4 శాతం. ఆ అండ లేనివాళ్లలో 57 శాతం. తల్లిదండ్రుల ప్రేమను ఏ సంస్థా డబ్బిచ్చి కొనిపెట్టలేదు. ఇల్లు వదిలి రావలసి వచ్చినప్పుడు తలదాచుకునే చోటు, నిలదొక్కుకునే దాకా ఖర్చు, ఇంటి వాళ్లలా పలకరించే మనుషులు మాత్రం బయటి నుంచి అందించగలిగినవే.

ఇక తోడు సంగతి. వైద్యపరిభాషలో దీన్ని పీర్ సపోర్ట్ అంటున్నారు. ఒకే రకమైన కష్టంలో ఉన్నవాళ్లు, దాన్ని దాటి వచ్చినవాళ్లు ఒకరికొకరు అండగా నిలబడటం. మద్యం వ్యసనం విషయంలో ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935 నుంచి చేస్తున్నది ఇదే. ట్రాన్స్ సమూహాల్లో మాత్రం ఇది ఒక పద్ధతిగా నేర్చుకున్నది కాదు, బతకడానికి వేరే దారి లేక పుట్టింది. న్యూయార్క్‌లో 1970లో సిల్వియా రివెరా, మార్షా పీ జాన్సన్ అనే ఇద్దరు ఉద్యమకారులు స్టార్ అనే బృందాన్ని మొదలుపెట్టారు. ఇళ్ల నుంచి గెంటేసిన కుర్రవాళ్ల కోసం స్టార్ హౌస్ పేరుతో ఒక వసతి నడిపారు. ఆ ఇద్దరికీ స్థిరమైన సంపాదన లేదు. పిల్లలు వీధిలో ఒళ్లు అమ్ముకోవలసిన అవసరం రాకూడదని, ఆ పని తామే చేసి అద్దె కట్టారు. ఆ ఇల్లు ఎక్కువ కాలం నిలవలేదు. ఎందుకు నిలవలేదో వేరే చెప్పక్కర్లేదు, అద్దె. ప్రేమకు కొదవ లేదు, డబ్బే లేదు. తోడుని మెచ్చుకుని డబ్బు సంగతి ఎత్తనివాళ్లు ఈ ఇంటి కథ ఒకసారి తెలుసుకోవాలి.

తోటివాళ్ల అండ మనసుకి నిజంగా పనిచేస్తుందా అంటే, దానికి ఆధారాలున్నాయి. వాల్టర్ బాక్టింగ్ బృందం అమెరికాలో 1,093 మంది ట్రాన్స్ వ్యక్తులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. వివక్ష ఎక్కువైనకొద్దీ వేదన పెరగడం ఎవరైనా ఊహించేదే. కానీ తోటి ట్రాన్స్ వ్యక్తుల అండ ఉన్నచోట ఆ రెండింటి మధ్య లంకె బలహీనపడింది. దెబ్బ తగలడం ఆగలేదు, తగిలిన దెబ్బ లోపలిదాకా దిగడం తగ్గింది. 2014లో టెస్టా, సహచరులు చేసిన ఇంకో అధ్యయనంలో, తాము ట్రాన్స్ అని మొదటిసారి అర్థమయ్యే నాటికే అలాంటి ఇంకొకరిని ఎరిగి ఉన్నవాళ్లలో భయం, ఆత్మహత్య ఆలోచనలు తక్కువగా కనిపించాయి. ఇలాంటివాళ్లం మేమే కాదు, ఇంకా ఉన్నారు, వాళ్లు బతికే ఉన్నారు, ముసలివాళ్లు కూడా అయ్యారు అని తెలియడం ఒక పదిహేనేళ్ల పిల్లకి ఎంత ధైర్యమిస్తుందో బయటివాళ్లకి చెప్పి ఒప్పించడం కష్టం.

హెల్ప్‌లైన్‌లో ఒక అర్ధరాత్రి కాల్ ఎలా సాగుతుందో ఊహించుకుంటే తేడా అర్థమవుతుంది. ఫోన్ ఎత్తాక అవతల నుంచి చాలాసేపు మాట రాదు. ఆపరేటర్ పెట్టేయదు, ఎదురుచూస్తుంది. చివరికి గుసగుసలాంటి గొంతు.

"ఇంట్లో అందరూ పడుకున్నారు. గట్టిగా మాట్లాడలేను."

"పరవాలేదు, మెల్లగానే మాట్లాడండి. మిమ్మల్ని ఏ పేరుతో పిలవమంటారు?"

మళ్లీ కాసేపు మాట ఉండదు. ఆ పేరు అప్పటిదాకా మనసులోనే ఉంది, పైకి ఎవరితోనూ అనలేదు. అవతలి మనిషి చెబుతాడు, ఆపరేటర్ అదే పేరుతో పిలుస్తూ మాట్లాడుతుంది. ఇందులో ఏ టెక్నిక్కూ లేదనిపిస్తుంది. కానీ అక్కడ ఏమేం జరగలేదో చూడండి. "ట్రాన్స్ అంటే ఏంటి?" అని ఎవరూ అడగలేదు. "ఎప్పటి నుంచి అలా అనిపిస్తోంది, ఖాయమేనా?" అని ఆరా తీయలేదు. 2015 సర్వేలో, తమకు సరైన వైద్యం అందాలంటే ముందు డాక్టర్‌కే ట్రాన్స్ వ్యక్తుల గురించి పాఠం చెప్పాల్సి వచ్చిందని 24 శాతం మంది అన్నారు. అర్ధరాత్రి చావు ఆలోచనతో ఫోన్ చేసిన మనిషికి పాఠాలు చెప్పే ఓపిక ఎక్కడుంటుంది?

అమెరికా, కెనడాల్లో పనిచేసే ట్రాన్స్ లైఫ్‌లైన్ ఈ అవసరంలోంచే 2014లో పుట్టింది. ఫోన్ ఎత్తేవాళ్లంతా ట్రాన్స్ వ్యక్తులే. ఆ సంస్థ నియమం ఒకటి మిగతా హెల్ప్‌లైన్ల కంటే భిన్నంగా ఉంటుంది. కాల్ చేసిన మనిషి ఒప్పుకోకుండా పోలీసులకు గానీ అంబులెన్స్‌కి గానీ ఫోన్ చేయరు. ప్రాణం పోతుంటే కబురు చేయకపోవడమేంటని కంగారు పుట్టడం సహజం. కానీ పోలీసులంటే భయంతో పెరిగిన మనిషికి, తలుపు దగ్గర యూనిఫాం కనబడుతుందన్న అనుమానం వస్తే ఫోనే చేయదు. చేసినా నిజం చెప్పదు. నిజం చెప్పనిచోట ఏ సాయమూ కుదరదు. ఈ నియమం సరైనదే అనిపిస్తుంది. అయితే దాన్ని మోయాలంటే ఆపరేటర్‌కి మామూలు కంటే ఎక్కువ శిక్షణ, ఎక్కువ మానసిక బలం కావాలి.

ట్రాన్స్ లైఫ్‌లైన్ గురించి ఇక్కడ చెప్పడానికి అసలు కారణం దాని రెండో పని. ఫోన్ లైన్‌తో పాటు పేరు మార్పు ఖర్చులకు, గుర్తింపు పత్రాల ఖర్చులకు మైక్రోగ్రాంట్లు, అంటే తిరిగి ఇవ్వక్కర్లేని చిన్న మొత్తాలు, ఇవ్వడం మొదలుపెట్టింది. మానసిక సంక్షోభంలో ఉన్నవాళ్ల కోసం నడిచే సంస్థ కోర్టు ఫీజులు, పాస్‌పోర్ట్ ఫీజులు కట్టడమేంటి? ఫోన్‌లో ఏడ్చే మనిషి ఏ కారణాలతో ఏడుస్తోందో రోజూ వినేవాళ్లకి ఆ ప్రశ్నే రాదు. వాటిలో కొన్నిటికి ఓదార్పు కావాలి, కొన్నిటికి రసీదు కావాలి.

శాన్ ఫ్రాన్సిస్కో నగరం ఇంకాస్త ముందుకెళ్లింది. 2022 నవంబర్‌లో గిఫ్ట్ అనే పథకం ప్రకటించింది. తక్కువ ఆదాయం ఉన్న 55 మంది ట్రాన్స్ వ్యక్తులకు నెలకు 1,200 డాలర్ల చొప్పున 18 నెలల పాటు ఇవ్వడం దాని ఉద్దేశం. దేనికి ఖర్చు పెట్టాలో షరతు లేదు. డబ్బుతో పాటు వైద్యం, మానసిక ఆరోగ్య సేవలు, డబ్బు విషయాల్లో సలహా అందేలా ఏర్పాటు చేశారు. 55 మంది అంటే సముద్రంలో చుక్కంత, నిజమే. అయినా ఇందులో ఉన్న ఆలోచన విలువైనది. ప్రతి నెలా ఒకే తేదీకి డబ్బు పడుతుందని తెలిసిన మనిషి ఆరు నెలల ముందుకు ఆలోచించగలడు. హింసించే ఇంట్లోంచి బయటికొచ్చే రోజు నిర్ణయించుకోగలడు, ఇష్టం లేని పని వదులుకోగలడు. ఒకేసారి వచ్చి అయిపోయే సాయానికి ఆ గుణం లేదు.

డబ్బు ఇచ్చే తీరులోనే గాయపరచడం కూడా జరుగుతుంది. ఈ విషయం మీద ఎంత చెప్పినా తక్కువే. సాయం కోసం ఫారం నింపాలి. ఫారంలో చట్టబద్ధమైన పేరు అడుగుతారు, అంటే ఆసుపత్రి హాల్లో పిలిచిన ఆ పేరే. ట్రాన్స్ అని నిరూపించమంటారు, డాక్టర్ లెటర్ తెమ్మంటారు. ఆ లెటర్‌కి ఫీజు. కొన్ని లింగమార్పిడి సర్జరీలకు రెండు లెటర్లు కావాలన్న పాత పద్ధతిని అంతర్జాతీయ నిపుణుల సంఘం డబ్ల్యూపాత్ 2022 మార్గదర్శకాల్లో ఒకటికి తగ్గించింది. ఒక చిన్న సహాయనిధి ఇంకా రెండు అడుగుతోందంటే అది వెనకబడి ఉన్నట్టే. తర్వాత, ముందు మీరు ఖర్చు పెట్టండి, బిల్లు పంపితే తిరిగి ఇస్తాం అంటారు. చేతిలో డబ్బుంటే అసలు అడిగేవాళ్లే కాదు కదా. ఇక అన్నిటికంటే బాధ పెట్టేది, మీ కథ రాయండి అంటూ ఫారంలో ఉండే పెద్ద ఖాళీ గడి. ఎంత దయనీయంగా రాస్తే అంత అవకాశం అని అందరికీ తెలుసు. తన జీవితంలో అతి చెడ్డ రోజుని తవ్వి తీసి, పది నిధులకు పదిసార్లు రాసిన మనిషి, ఆ పది రాత్రులూ ఎలా నిద్రపోతుంది? ఆన్‌లైన్‌లో విరాళాలు అడగడంలోనూ ఇదే బాధ. పైగా అక్కడ పరిచయాలు ఎక్కువున్నవాళ్లకే డబ్బు వస్తుంది. ఒంటరివాళ్లకి, అంటే సాయం ఎక్కువ అవసరమైనవాళ్లకి, ఏమీ రాదు.

దీన్ని సరిచేయడం కష్టమేమీ కాదు. పిలిచే పేరు ఒక గడిలో, బ్యాంకు పేరు వేరే గడిలో అడగొచ్చు. ఫీజుని నేరుగా ఆఫీసుకే కట్టేయొచ్చు. బ్యాంకు ఖాతా లేనివాళ్లకి ఇంకో దారి చూపించొచ్చు. డబ్బు పంపినప్పుడు స్టేట్‌మెంట్‌లో సంస్థ పేరు ఏమని పడుతుందో ముందే ఆలోచించుకోవాలి. ఇంట్లో చెప్పుకోని కుర్రాడి ఖాతాలో ట్రాన్స్ అనే మాట కనబడితే, సాయం అనుకున్నది ఆ రాత్రికి ప్రమాదమవుతుంది. ఇలాంటి సూక్ష్మాలు కార్యాలయంలో కూర్చున్న అధికారికి తట్టకపోవచ్చు. ఆ ఖాతా తాను వాడినవాళ్లకి వెంటనే తడతాయి. నిధుల కమిటీల్లో ట్రాన్స్ వ్యక్తులు ఉండాలనడానికి ఇదే కారణం.

చట్టం సులువైనచోట ఈ భారమంతా కొంత తేలికవుతుంది. అర్జెంటీనా 2012లో చేసిన చట్టం ప్రకారం పేరు, లింగం మార్చుకోవడానికి డాక్టర్ సర్టిఫికెట్ అక్కర్లేదు, కోర్టు అనుమతి అక్కర్లేదు. 2021లో అదే దేశం ప్రభుత్వ ఉద్యోగాల్లో ట్రాన్స్ వ్యక్తులకు 1 శాతం కేటాయిస్తూ ఇంకో చట్టం చేసింది. సహాయనిధి ఎంత బాగా నడిచినా జీతానికి సాటి రాదు.

తోడుకీ హద్దులున్నాయి. వాటిని దాచి పొగడటం ఎవరికీ మంచిది కాదు. తీవ్రమైన కుంగుబాటుకి, లేని మాటలు వినిపించే జబ్బుకి మందులు కావాలి, డాక్టర్ కావాలి. ఎక్కడ తన పని ఆగి డాక్టర్ పని మొదలవుతుందో గుర్తించడం పీర్ వర్కర్‌కి, అంటే ఇలా తోడుగా నిలబడే మనిషికి, నేర్పాల్సిన మొదటి విషయం. ఇంకోటి గోప్యత. ట్రాన్స్ సమూహం ఏ నగరంలో చూసినా చిన్నదే. ఈ రోజు ఫోన్‌లో తన బాధ చెప్పుకున్న మనిషి వచ్చే వారం ఒక మీటింగ్‌లో ఎదురుపడొచ్చు. ఆ మాట బయటికి పొక్కితే పోయేది ఒక్కరి నమ్మకం కాదు.

అన్నిటికంటే పెద్ద సమస్య, తోడుగా నిలబడేవాళ్లు కూడా అదే గాయంతో ఉన్నవాళ్లు కావడం. అవతలివాళ్ల కథలో తన పాత కథ వినబడుతుంది. వాళ్ల అద్దె సమస్య వింటున్నప్పుడు తన అద్దె కూడా బాకీ ఉండి ఉండొచ్చు. మనవాళ్లే కదా అని జీతం లేకుండా చేయించుకోవడం చాలాచోట్ల అలవాటైపోయింది. అది తప్పు. ఈ పనికి జీతం ఇవ్వొచ్చని, అది వైద్యసేవగా లెక్కలోకి వస్తుందని ఎప్పుడో తేలింది. అమెరికాలోని జార్జియా రాష్ట్రం 1999లోనే శిక్షణ పొందిన పీర్ వర్కర్ల సేవలకు ప్రభుత్వ ఆరోగ్య బీమా కింద చెల్లింపులు మొదలుపెట్టింది. అది మానసిక జబ్బు నుంచి కోలుకున్నవాళ్ల కోసం చేసింది. అదే పద్ధతి ట్రాన్స్ పీర్ వర్కర్లకు వర్తించకూడదనడానికి కారణమేమీ కనబడదు. పైగా ఉద్యోగాలు దొరకని సమూహంలో ఇది ఉద్యోగం కూడా అవుతుంది.

జీతమంటే నెలకింత అని ఒక అంకె రాసి వదిలేస్తే సరిపోదు. బరువైన కాల్ ముగిశాక ఆపరేటర్ హెడ్‌సెట్ తీసి పక్కన పెట్టి, తనకంటే అనుభవమున్న ఇంకొకరితో పావుగంట మాట్లాడుకునే వీలుండాలి. ఆ పావుగంటలో మోగే ఫోన్లు ఎత్తడానికి ఇంకో మనిషి ఉండాలి. ఆ మనిషి జీతం, ఈ పావుగంట జీతం, రెండూ బడ్జెట్‌లో మొదటి ఏడాది నుంచే వేరే పద్దుగా ఉండాలి.